జవాబు మొదటి వాక్యంలోనే చెప్పేశారు

ప్రశ్న: నేను కొల్లేరు లంక గ్రామాల్లో ఒకచోట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. పర్యావరణం పాఠాలను కేస్ స్టడీలతో చెప్పాలని శిక్షణ తరగతుల్లో చెప్పారు. పరీక్షల్లోనూ ఒక పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకని పదో తరగతికి రాబందుల ఉదంతం చెప్పాను. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల రాబందులు ఎలా చనిపోయాయో వివరించి, చార్టు కూడా గీయించాను. పిల్లలు బుద్ధిగా విన్నారు. మర్నాడు అడిగితే అందరూ అవే నాలుగు వాక్యాలు అప్పజెప్పారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. పోనీ, మా కొల్లేరు గురించే చెబుదామంటే భయంగా ఉంది. పిల్లల్లో సగం మంది ఇళ్ళు చేపల చెరువుల మీదే బతుకుతున్నాయి. "మా పొట్ట కొట్టే పాఠాలు చెబుతున్నారా?" అని ఒక తండ్రి ఇప్పటికే అడిగారు. పైగా సిలబస్ వెనకబడింది. ఏం చేయమంటారు?
— ఒక ఉపాధ్యాయిని, ఏలూరు జిల్లా

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో ఇదే సబ్జెక్టు చెప్పినవాడిని కాబట్టి మీ తరగతి గదిలోని నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. పిల్లలు కాస్త అల్లరి చేసినా బాగుండేదే అనిపించే నిశ్శబ్దం అది.

మీరు ఎంచుకున్న ఉదంతంలో లోపం లేదు. పిల్లల్లోనూ లేదు. "పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వల్ల రాబందులు చనిపోయాయి" అన్నది మీ పాఠంలో మొదటి వాక్యమై ఉంటుంది. దానితో పాఠం అయిపోయింది. ఆ తర్వాత ఎన్ని వివరాలు చెప్పినా పిల్లలకు ఆలోచించే పని లేదు, గుర్తుపెట్టుకునే పని మాత్రమే ఉంది. శాస్త్రవేత్తలను ఏళ్ళ తరబడి తిప్పలు పెట్టిన చిక్కుముడిని మీరే విప్పేసి, ఉత్త దారం వాళ్ళ చేతిలో పెట్టారు. అదే ఉదంతాన్ని మళ్ళీ చెప్పండి. ఈసారి ఆ మనుషులకు ఏది ముందు తెలిసిందో అది ముందు, ఏది తర్వాత తెలిసిందో అది తర్వాత చెప్పండి. మీ పిల్లలకు జవాబు ఇప్పటికే తెలిసిపోయింది కాబట్టి తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టండి.

మొదటి రోజు మందు పేరు ఎత్తవద్దు. రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ పక్షుల రక్షిత ప్రాంతం ఉంది. అక్కడ 1980లలో చెట్ల నిండా రాబందుల గూళ్ళు ఉండేవి. 1990లు ముగిసేసరికి ఆ చెట్లు ఖాళీ. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ అక్కడి పక్షులను లెక్కపెడుతూ ఈ తగ్గుదలను గమనించారు. పక్షులు మెడ వేలాడేసుకుని రోజుల తరబడి కొమ్మ మీద కూర్చుంటున్నాయి. ఆ తర్వాత కింద పడి చనిపోతున్నాయి. ఇంతవరకే చెప్పి ఆపండి. "మీరే అక్కడ ఉంటే ముందుగా ఏం వెతుకుతారు?" అని అడగండి.

విషం, అంటురోగం, తిండి లేకపోవడం, వేటగాళ్ళు, సెల్ టవర్లు అని ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. అన్నీ బోర్డు మీద రాయండి. సెల్ టవర్లు అన్న పిల్లవాడిని చూసి నవ్వవద్దు, ఎవరినీ నవ్వనివ్వవద్దు. ప్రతి మాటకూ ఒకే ప్రశ్న వేయండి: "అదే నిజమైతే ఇంకా ఏమేం కనిపించాలి?" తిండి లేకపోవడమే కారణమైతే చచ్చిన పశువులు తగ్గి ఉండాలి. కానీ కళేబరాలు ఊళ్ళ బయట కుళ్ళుతూ పడి ఉన్నాయి, వాటిని తినే కుక్కలు పెరిగాయి. అంటే తిండి ఉంది, తినే పక్షి లేదు. పిల్లలు తమ చేత్తోనే ఒక ఊహను బోర్డు మీద కొట్టివేయడం ఇక్కడ మొదలవుతుంది. సైన్సు పుస్తకంలో ప్రయోగాల పేజీలు ఎన్ని ఉన్నా, ఈ కొట్టివేత వాళ్ళకు చాలా అరుదుగా దొరుకుతుంది. అంటురోగాన్ని మాత్రం తొందరపడి కొట్టివేయనివ్వవద్దు. నిజంగానే శాస్త్రవేత్తలు చాలాకాలం ఏదో వైరస్ అనే అనుమానించారు.

ఆ రోజు ఇంటిపని ఒక్కటే. తాతనో అమ్మమ్మనో అడిగి రావాలి: మన ఊళ్ళో చచ్చిన గొడ్డును ఎక్కడ పడేసేవాళ్ళు? అక్కడికి ఏ పక్షులు వచ్చేవి? చివరిసారి ఎప్పుడు చూశారు? ఈ ప్రశ్నలతో నేను పంపిన పిల్లల్లో ఒకడు మర్నాడు పుస్తకంలో ఒకే వాక్యం రాసుకొచ్చాడు: "మా తాత చాలాసేపు ఆలోచించి, అవి ఎప్పుడు రావడం మానేశాయో నేను చూడలేదు అన్నాడు." ఆ వాక్యాన్ని తరగతిలో చదివించాను. ఇంత పెద్ద పక్షి కనుమరుగైనా ఊరు గమనించలేదన్న సంగతి పిల్లలకు అప్పుడు తగిలింది. నేను గంట మాట్లాడినా ఆ పని చేయలేకపోయేవాడిని.

రెండో రోజు శవపరీక్ష. చనిపోయిన పక్షుల కాలేయం మీద, గుండె మీద, మూత్రపిండాల్లో సుద్దపొడి లాంటి తెల్లటి పదార్థం పేరుకుని కనిపించింది. అది యూరిక్ ఆమ్లం. ఇక్కడ పిల్లలను బడి ఆవరణలోకి తీసుకువెళ్ళి కోడి రెట్ట చూపించండి. నల్లటి భాగం పక్కన తెల్లటి ముద్ద ఉంటుంది కదా, పక్షి మూత్రం అదే. మనం యూరియాను నీళ్ళలో కరిగించి పంపుతాం, పక్షి యూరిక్ ఆమ్లాన్ని ముద్దగా పంపుతుంది. రోజూ తొక్కే రెట్టలో విసర్జన పాఠం ఉందని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. ఆ తెల్లటిది రెట్టలో ఉండవలసింది, గుండె మీదకు ఎందుకు వచ్చింది? మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి కాబట్టి. ఇంతదాకా పిల్లలే చెప్పగలరు. మరి మూత్రపిండాలను ఏది పాడుచేసింది?

మూడో రోజు అసలు మలుపు. పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో లిండ్సే ఓక్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త బృందం తెలిసిన విషాలు, తెలిసిన రోగాలు అన్నిటికీ పరీక్షలు చేసింది. ఏదీ తేలలేదు. అప్పుడు వాళ్ళు వెతికే చోటు మార్చారు. రాబందు తినేది పశువును. పశువు ఏం తింటోంది, దానికి ఏ మందు పడుతోంది? మూత్రపిండాలకు హాని చేయగలిగి, ఇటీవలే పశువులకు వాడుకలోకి వచ్చిన మందు ఏది? పశువైద్యులను, మందుల దుకాణాలవాళ్ళను అడిగారు. డైక్లోఫెనాక్ పేరు అక్కడ దొరికింది. ఇళ్ళలో పెద్దవాళ్ళు కీళ్ళ నొప్పులకు వేసుకునే మందే అది. ఆ పేరును మీరు ఇప్పుడు, మూడో రోజున, బోర్డు మీద రాయండి.

రాసి, దాని కింద ఈ లెక్క పెట్టండి. తెల్లటి పొడి పేరుకుని చనిపోయిన పక్షులు 25. ఆ పొడి లేకుండా వేరే కారణాలతో చనిపోయినవి 13. మొదటి 25 పక్షులన్నిటిలోనూ మందు అవశేషం దొరికింది. రెండో 13లో ఒక్కదానిలోనూ దొరకలేదు. 2004లో ప్రచురించిన ఫలితం ఇది. ఇక అడగండి: "ఆ 13 పక్షులను పరీక్షించడం ఎందుకు? అవి ఈ జబ్బుతో చావలేదు కదా?" దీని మీద పది నిమిషాలైనా గడవనివ్వండి, మీరు నోరు తెరవవద్దు. ఆ ప్రశ్నకు సొంత మాటల్లో జవాబు చెప్పిన పిల్లకు ప్రయోగంలో పోలిక ఎందుకు అవసరమో జీవితాంతం గుర్తుంటుంది. "అయినా కాకతాళీయం కావచ్చు కదా" అని ఎవరైనా అంటే ఆ పిల్లవాడిని మెచ్చుకోండి. శాస్త్రవేత్తలకూ అదే అనుమానం ఉంది కాబట్టే, గాయాలతో ఇక ఎగరలేని రాబందులకు ఆ మందు ఇచ్చి చూశారు. వాటిలోనూ ఎక్కువ పక్షులు అదే విధంగా చనిపోయాయి.

లెక్కల మాస్టారు సాయం చేస్తే ఇంకొక గంట వాడుకోండి. నూటికి ఒక కళేబరంలో కూడా ప్రాణాంతక మోతాదులో మందు లేకపోయినా ఇంత నాశనం జరగగలదని తర్వాత లెక్కగట్టారు. పిల్లలు నమ్మరు. నమ్మనక్కరలేదు, చేసి చూడాలి. రాబందు మూడు రోజులకు ఒకసారి తింటుందనుకుందాం, అంటే ఏడాదికి సుమారు 120 పూటలు. రెండు వందల కళేబరాల్లో ఒక్కటి విషమనుకుందాం. ఒక్కొక్క పూట బతికే అవకాశం 200లో 199. దాన్ని దానితోనే 120 సార్లు గుణిస్తే దాదాపు 0.55 వస్తుంది. ఏడాది తిరిగేసరికి నూరు పక్షుల్లో 45 పోయినట్టే. ఆ పక్షి ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది, పిల్ల పెద్దదై జతకట్టడానికి ఐదేళ్ళు పడుతుంది. 1992కూ 2007కూ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతులు తగ్గిపోయాయన్న అంకెను ఈ లెక్క అయ్యాక చెప్పండి. ముందే చెబితే అది ఉత్త అంకె.

ముగింపు క్లుప్తంగా చాలు. 2006లో పశువులకు ఆ మందు వాడకం నిషేధించారు, దాని బదులు వాడదగిన మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాబందులకు సురక్షితమని తేలింది, మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు పోతున్నాయని 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. మన దగ్గర కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట అంచుల మీద పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి. ఒక్క ప్రశ్న మాత్రం వదలకండి: ఇందులో తప్పు చేసింది ఎవరు? గేదె నొప్పితో మూలుగుతుంటే చవకగా దొరికే మందు వేసిన రైతా? వేసిన డాక్టరా? ఎవరికీ రాబందును చంపాలని లేదు. ఈ ప్రశ్న దగ్గర పిల్లలు కాసేపు నిలబడితేనే మీ రెండో భయానికి దారి దొరుకుతుంది.

కొల్లేరు సంగతికి వస్తాను. ఆ తండ్రి మాట మిమ్మల్ని నొప్పించి ఉంటుంది, కానీ ఆయన భయం అబద్ధం కాదు. నేను చేసిన తప్పు చెబుతాను. ఒకసారి వాయు కాలుష్యం పాఠం చెబుతూ కిటికీలోంచి ఊరి చివర ఇటుక బట్టీ పొగ చూపించి, "ఇదిగో, మన ఊపిరితిత్తులు పాడుచేసేది ఇదే" అన్నాను. రెండో బెంచీలో ఒక అమ్మాయి తల దించుకుంది. వాళ్ళ నాన్న అక్కడ ఇటుకలు మోస్తాడు. వారం రోజుల పాటు ఆ పిల్ల నా వైపు చూడలేదు. బట్టీ పొగ హానికరమన్నది నిజమే. కానీ ఆ పిల్లకు ఆ రోజు నేను నేర్పింది సైన్సు కాదు, ఇంటి గురించి సిగ్గుపడడం. ఆ తర్వాత ఏ ఊరి ఉదంతమైనా నేరారోపణతో మొదలుపెట్టలేదు.

అందుకని మీరు కొల్లేరును రామ్‌సార్ జాబితాతోనో (ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అది), గట్లు తెగ్గొట్టిన సంవత్సరంతోనో మొదలుపెట్టకండి. మీ పిల్లలకు మీకన్నా బాగా తెలిసిన చోట మొదలుపెట్టండి. ఇలా అడగండి: "చెరువులో చేపలు తెల్లవారుజామునే పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి ఎందుకు? మధ్యాహ్నం ఎందుకు తెరవవు?"

ఆ క్షణం నుంచి మీ తరగతిలో నిశ్శబ్దం ఉండదు. మబ్బు పట్టిన రాత్రి నాన్న నిద్రపోడని ఒకరు చెబుతారు. టార్చిలైటు వేసుకుని గట్టు మీద తిరుగుతాడని, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ తిప్పుతాడని, ఇంజను పెట్టి నీళ్ళు చిమ్మిస్తాడని ఇంకొకరు చెబుతారు. ఎందుకో మాత్రం చాలామంది చెప్పలేరు. పచ్చటి నీళ్ళలోని నాచు పగలంతా కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి వెలుతురు లేదు, కానీ నాచుకూ చేపలకూ అడుగున కుళ్ళే మేతను తినే బాక్టీరియాకూ శ్వాసక్రియ ఆగదు. తెల్లవారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది. పగలంతా మబ్బు పడితే పోగైనదే తక్కువ. పైగా వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర సుమారు 7.5. శీలావతి, బొచ్చె లాంటి చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే హాయి, 2 దాటి కిందకు పోతే ప్రమాదం. మొక్కలు పగలూ రాత్రీ శ్వాసిస్తాయన్న సంగతిని పరీక్షలో తప్పు రాసే పిల్లలు ఏటా ఎంతమందో మీకు తెలుసు. చెరువు గట్టున పెరిగిన పిల్ల ఈ పాఠం తర్వాత ఆ తప్పు రాయదు.

కొలత కూడా పెట్టండి. మీ ప్రయోగశాలలో పీహెచ్ కాగితాలు (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని రంగుతో చూపేవి) ఉంటే పెద్దవాళ్ళ చేత తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకటి గట్టు దగ్గరే ముంచించి, రంగు రాయించుకు రమ్మనండి. పచ్చటి చెరువులో మధ్యాహ్నం పీహెచ్ పెరుగుతుంది, నాచు నీళ్ళలోని కార్బన్ డయాక్సైడును లాగేస్తుంది కాబట్టి. మోచేయి దాకా చేయి ముంచి అరచేయి కనిపిస్తుందో లేదో చూసి నీటి పచ్చదనాన్ని అంచనా వేసే పద్ధతి చాలామంది రైతులకు తెలుసు. దాన్నీ అడిగి రాసుకోమనండి. అది కూడా కొలతే. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: ఏ పిల్లా ఒంటరిగా, చీకట్లో గట్టు మీదకు వెళ్ళకూడదు. గట్లు జారతాయి, ఏరేటర్లకు కరెంటు తీగలు ఉంటాయి. పని పెద్దవాళ్ళది, రాయడం మాత్రమే పిల్లలది. ఇది పుస్తకంలో రాయించి తల్లిదండ్రుల సంతకం తీసుకోండి.

మీ మీద కోపగించిన ఆ తండ్రినే తరగతికి పిలవండి. ప్రధానోపాధ్యాయులకు, పాఠశాల కమిటీకి ముందుగా చెప్పి పిలవండి. నీళ్ళు చూసి చేప ఆరోగ్యాన్ని ఎలా పసిగడతారో పావుగంట చెప్పమనండి. పిల్లలు ముందే రాసుకున్న ప్రశ్నలు అడుగుతారు. ఆయనకు తెలిసిన విద్యకు బడిలో గౌరవం దొరికాక, "పట్టుబడి అయ్యాక ఈ నీళ్ళు ఎక్కడికి వదులుతారు?" అన్న ప్రశ్న ఒక పిల్ల నోటి నుంచి వస్తే అది నిందలా వినిపించదు. ఆయనే ఆలోచించవలసిన ప్రశ్న అవుతుంది. ఎందుకంటే పక్క చెరువు వదిలిన నీళ్ళను తోడుకునేది ఆయనే కావచ్చు.

అక్కడి నుంచి సరస్సు దాకా దారి ఉంది. బుడమేరు, తమ్మిలేరు ఏం మోసుకొస్తున్నాయి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి ఏం పోతోంది, వరద వచ్చినప్పుడు ఆ నీళ్ళన్నీ ఎక్కడ నిలుస్తాయి అన్నది పటం మీద వేలు పెట్టి చూపించండి. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో రామ్‌సార్ గుర్తింపు, 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు తెగ్గొట్టించడం, కాంటూరు మూడుకు కుదించాలన్న కోరిక: ఇవన్నీ తేదీల పట్టికగా ఒక కాగితం మీద ఇవ్వండి, వ్యాఖ్య ఏదీ చేర్చవద్దు. తర్వాత పాత్రలు పంచండి. సొంత చెరువు ఉన్న రైతు, కౌలుకు చేసే రైతు, చెరువు లేకుండా వల మీదే బతికే మత్స్యకారుడు, పైన వరి పండించే రైతు, అటవీ ఉద్యోగి, ఆటపాక దగ్గర గూడబాతులను లెక్కపెట్టే మనిషి. నియమం ఒక్కటే: ఎవరి ఇంటి పక్షం వాళ్ళకు ఇవ్వకండి. చెరువు రైతు కొడుకు వల మనిషి తరఫున మాట్లాడాలి, వల మనిషి కూతురు చెరువు రైతు తరఫున మాట్లాడాలి.

చివరలో ఓట్లు వేయించవద్దు, మీ తీర్పు చెప్పవద్దు. "ఎవరి మాట సరైనదో తేల్చాలంటే మనకు ఇంకా ఏ వివరాలు కావాలి?" అని అడిగి ఆ జాబితా రాయించండి. ఏ నెలలో నీళ్ళు ఎంత లోతు ఉంటాయి, వదిలిన నీళ్ళలో అమ్మోనియా ఎంత, వల మనిషికి పదేళ్ళ కిందట ఎన్ని రకాల చేపలు పడేవి, ఇప్పుడు ఎన్ని? మార్కులు వేయాల్సి వస్తే నేను ఆ జాబితాకే వేస్తాను. మీకు జవాబు తెలియని ప్రశ్నలు చాలా వస్తాయి. బోర్డు ఒక మూల వాటికి వదిలిపెట్టండి, నెలాఖరు దాకా చెరపకండి.

సిలబస్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పర్యావరణ విద్య తప్పనిసరిగా ఉండాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. మనం దాన్ని పుస్తకం చివర ఒక అధ్యాయంగా చేర్చుకున్నాం, అందుకే అది ఎప్పుడూ వెనకబడుతుంది. ఈ రెండు ఉదంతాలను చివరికి అట్టిపెట్టకుండా విసర్జన, శ్వాసక్రియ, కిరణజన్య సంయోగక్రియ పాఠాలు మొదలయ్యే చోట పెట్టండి. పీరియడ్లు అదనంగా పోవు, ఆ పాఠాలే ఇలా మొదలవుతాయి. ఏడాదికి రెండు చాలు. పది చేయాలనుకుంటే మళ్ళీ చార్టుల దగ్గరకే వెళతారు. పరీక్షలో పేరా ఇచ్చి అడిగే ప్రశ్నల గురించి దిగులు పడకండి. 25, 13 లెక్క మీద వాదించిన పిల్లలకు ఆ పేరాలు చిన్నవిగా కనిపిస్తాయి. ఇంకొక జాగ్రత్త: ఎక్కడో దొరికిన కేస్ స్టడీని ఉన్నదున్నట్టు తెచ్చి చెప్పకండి. అందులో అంకెలు ఎవరు కొలిచారో, ఏ సంవత్సరంలో కొలిచారో లేకపోతే పక్కన పెట్టండి.

ముసురు పట్టే రోజులు దగ్గరకు వస్తే చెరువు పాఠం ముందు పెట్టుకోండి, రాబందులది తర్వాతైనా ఆగుతుంది. ఆ తండ్రి తరగతికి వచ్చిన రోజు పిల్లలు ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో నాకు రాయండి.